బొంతకుట్టు

యాసంగి వరికోతలు ముగిసి, పసుపు బస్తాలు నిజామాబాదు మార్కెటునకు చేరిన పిమ్మట, మాక్లూరు మొదలగు మన గ్రామములలో ఇంటింటను సందుగలు తెఱవబడును. మూడేండ్లుగా, నాలుగేండ్లుగా దాచిన పాతచీరలు, ధోవతులు, దుప్పట్ల తునకలు బయటికి వచ్చును. వాకిటి వేపచెట్టు నీడలో నేల ఊడ్చి, వానిని పఱచి, నలుగురు స్త్రీలు నాలుగు అంచుల కూర్చుండి బొంత కుట్టనారంభింతురు. బీడీల చాట ఆ పూటకు ప్రక్కకు జరుపబడును. పని మూడు నాలుగు దినములు, కొన్ని యిండ్లలో వారము సాగును.

మన విద్యార్థులలో ఈ దృశ్యమును చూడనివారు అరుదు. నిలిచి గమనించినవారు మఱింత అరుదు. బొంత యనగా పడకకు పఱచునది, చలికి కప్పుకొనునది యని మాత్రమే మనమెఱుగుదుము. ఐతే కొంతకాలముగా సీమదేశములందును, మన మహానగరములందును చేతికుట్టును ఒక ధ్యానమార్గముగా నెన్నుచున్నారు. 2015లో క్లేర్ వెల్లెస్లీ-స్మిత్ అను ఆంగ్ల కళాకారిణి ‘స్లో స్టిచ్’ అను గ్రంథమును ప్రకటించినది. తొందరలేని చేతికుట్టే అందలి విషయము. ఇట్టి పనిని తరగతులు పెట్టి నేర్పువారును నేడు కలరు. ఆ సంగతి విన్నప్పుడు మాకు నవ్వు వచ్చినది. మన అవ్వలు ఊరక నేర్పు పనిని పరులు రుసుము చెల్లించి నేర్చుకొనుచున్నారు గదా యని! పిమ్మట ఆలోచింపగా ఆ నవ్వు సరికాదని తోచినది. మన అవ్వల పని యెట్టిదో, అందు మనస్సు కుదురుపడుట యెందువలన కలుగునో, ఎప్పుడు కలుగదో మనమైనను విచారించితిమా? ఈ పాఠమున ఆ విచారణ చేయదలచితిమి.

ముందు పేరును గూర్చి రెండు మాటలు. సంస్కృతమున బొంతను ‘కంథ’ యందురు. వంగదేశమున పాతచీరల పొరలపై కుట్టు ‘కాంథా’ యను పేరు ఈ మాటకు సంబంధించినదే. బిహారులో ఇట్టి దానిని ‘సుజని’ యనియు, ఉత్తర కన్నడ ప్రాంతపు సిద్దీలు ‘కవంది’ యనియు పిలుతురు. పేర్లు వేఱైనను పని యొక్కటే: పాతగుడ్డలను పొరలుగా పేర్చి, పొరలన్నియు నొక్కటియగునట్లు సూదిని పైకిని క్రిందికిని నడపుట.

కంథ యన్నంతనే సన్న్యాసి జ్ఞప్తికి వచ్చును. బౌద్ధుల వినయగ్రంథములలో ఒక కథ కలదు. బుద్ధుడు సంచారము చేయుచు మగధదేశమున గట్లతో విభజింపబడిన వరిమళ్ళను చూచి, భిక్షువుల వస్త్రమును ఆ తీరున కూర్చగలవా యని ఆనందుని అడిగెనట. ఆనందుడు ముక్కలను మళ్ళవలెను, కుట్లను గట్లవలెను అమర్చి తెచ్చి చూపగా బుద్ధుడు మెచ్చెనట. పారవేసిన పేలికలను ఏరి, ఉదికి, రంగువేసి, తమ చేతులతో కుట్టుకొనిన భిక్షువులు ఆ కాలమున ఉండిరి. జపానులోని జెన్ సంప్రదాయమున అట్టి వస్త్రమును చేతితో కుట్టుకొనువారు నేటికిని కలరు. ప్రాచీన అశ్మకదేశపు రాజధాని పోదనము మన బోధనే యని చరిత్రకారులు తలంచుదురు గనుక బౌద్ధుల కథ మనకు బొత్తిగా పరాయిది కాదు. నిజాంసాగరు కాలువ క్రింది మళ్ళను గట్టుమీద నిలిచి చూచిన బాలుడెవడైనను ఆ వస్త్రము ఎట్లుండునో ఊహింపగలడు.

మన సంఘములలో దొర్కా పేరు విననివారు లేరు. యొప్పేలో ఆమె మరణించినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె కుట్టియిచ్చిన అంగీలను వస్త్రములను పేతురునకు చూపిరని అపొస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయము చెప్పుచున్నది. ఆమె ఆడిన మాట యొక్కటియు అక్కడ వ్రాయబడలేదు. వస్త్రములే చూపబడినవి.

ఇక పనిలోనికి వత్తము. బొంతకు కావలసినది పాత నూలుగుడ్డ. క్రొత్తది పనికిరాదు. క్రొత్తగుడ్డలో గంజి యుండును, నేతలో బిగువుండును. సూది నాలుగు పొరలలో దిగుటకు మొరాయించును. అంతకంటె ముఖ్యమైన కారణము వేఱొకటి కలదు. క్రొత్త నూలుగుడ్డ మొదటి ఉదుకులలో కుదించుకొని పోవును. పాతగుడ్డ కుదించుకొనుట యెన్నడో ముగించినది. రెంటిని కలిపి కుట్టి నీట ముంచినచో, క్రొత్తది ముడుచుకొని పాతదానిని పట్టి లాగును. కుట్టు ఉన్నచోటనే పాతగుడ్డ చినుగును. క్రొత్తగుడ్డ మాసికను పాతబట్టకు ఎవడును వేయడని ప్రభువు చెప్పిన ఉపమానము మత్తయి సువార్త తొమ్మిదవ అధ్యాయమున నున్నది. దాని ఆధ్యాత్మికార్థమును బోధకులు చెప్పుదురు. మాకు మాత్రము ఆ మాట చదివినప్పుడెల్ల, ఇది మాసికలు వేయు తల్లి ప్రక్కన కూర్చుండి పెరిగిన వాని మాట యని తోచును.

నేడొక చిక్కు వచ్చినది. సందుగలలో నూలుచీరలు తగ్గి పాలిస్టరు చీరలు పెరిగినవి. ఇవి చినుగవు, వెలియవు, పారవేయుటకు మనసొప్పదు. కాని చెమటను పీల్చవు. పొరమీద పొర జాఱును. వానితోనే కుట్టిన బొంత ఎండకాలమున ఒంటికి అంటుకొని, చలికాలమున జాఱిపోవును. పెద్దలు చేయునదేమనగా, అట్టి చీరను ఒక్క పైపొరగా వాడి, లోపలను అడుగునను నూలు పెట్టుదురు. కుట్లు మామూలుకంటె దగ్గర దగ్గరగా వేయుదురు. ఇది మంచి ఉపాయమే. అడుగుపొర మాత్రము నూలే కావలెనని మా అభిప్రాయము. నిద్రించువాని వీపునకు తగులునది అదియే గదా.

గుడ్డలను ఉదికి, గంజి యేమైన మిగిలినచో పోగొట్టి, బాగుగా ఆరవేయవలెను. బొత్తాములు, కొక్కెములు, పట్టీలు తీసివేయవలెను. చిల్లులున్న చోట్లను లోపలిపొరలకు మళ్ళించి, వానిపై తునక పఱచవలెను. పెద్దబొంతకు నాలుగు మొదలు ఆఱు పొరలు చాలును; పసిబిడ్డ బొంతకు రెండు మూడు. పొరను పఱచిన ప్రతిసారియు అరచేతితో నడుమనుండి అంచులకు నిమిరి ముడుతలు తీయవలెను. మూలలకు రాళ్ళు పెట్టుదురు. పైపొర అంచులను లోపలికి మడిచి, కచ్చాకుట్లతో, అనగా జానెడేసి దూరపు పొడుగుకుట్లతో, పొరలన్నిటిని తాత్కాలికముగా నిలుపుదురు. ఈ కచ్చాకుట్లు వేయుటకు పిల్లలు విసుగుచెందుదురు, ఏలననగా ఇవి తుదకు తీసివేయబడునవి. కాని మన ప్రాంతమున కొందఱు అంచునుండి మొదలుపెట్టి, చుట్టునకు లోపల చుట్టుగా నడుమకు వత్తురు. అట్లు వచ్చునప్పుడు సూది గుడ్డను కొంచెము కొంచెముగా లోనికి నెట్టుచుండును. కచ్చాకుట్టు లేనిచో తుదకు నడుమ బుంగవలె ఉబ్బును. ఉబ్బిన బొంతను సరిచేయు విద్య ఇంతవరకు మాకెవ్వరును చెప్పలేదు. విప్పుట యొక్కటే.

దారమును గూర్చి పిల్లలు చేయు మొదటి తప్పు, మాటిమాటికి సూదిలో ఎక్కించు శ్రమ తప్పునని బారెడు దారము తీయుట. పొడుగుదారము ముడిపడును. అంతేకాదు, దాని మొదటి భాగము గుడ్డలో నూఱుమార్లు దూఱి దూఱి నలిగి, వరుస ముగియకముందే తెగును. మూరెడు చాలును, మించిన మూరన్నర. రీలునుండి ముందుగా వచ్చిన కొననే సూదిబెజ్జములో ఎక్కింపవలెను; అప్పుడు పురి విడదు. దారమును తేనెమైనపు ముద్దమీదుగా ఒకసారి లాగినచో నునుపై, తడికి కొంత ఓర్చును. ముడిని పొరల నడుమ దాచవలెను. పైననో అడుగుననో ముడి యుండిన, అది మొదట అరిగి మొదట ఊడును.

ఇక కుట్టు. ఇందు వింతయేమియు లేదు. సూది క్రిందికి పోవును, పైకి వచ్చును. కాడకుట్టు, గొలుసుకుట్టు, కాజాకుట్టు నేర్చిన బాలికలు దీనిని చూచి చిన్నచూపు చూతురు. ఐతే వారినే ఒక మూర పొడవున సమానమైన సాదాకుట్లు వేయుమని చూడుడు. మొదటి జానెడు చక్కగా వచ్చును. రెండవ జానెడున కుట్టు పొడుగగును. మూడవ చోట వరుస వంకరపోవును. చేతికి రాక కాదు, చేయి యెఱుగును. మనస్సు వేఱొకచోటికి పోయినది.

కుడిచేయి సూదిని నెట్టును. ఎడమచేయి గుడ్డ అడుగున నుండి మొన వచ్చుటను కనిపెట్టును. మొన వ్రేలికి తగిలీ తగులకముందే పైకి త్రిప్పవలెను. తగిలినచో అన్ని పొరలను దాటినదని గుఱుతు. తగులనిచో అడుగుపొర పట్టలేదని గుఱుతు. గుచ్చుకొనినచో మనస్సు ఇక్కడ లేదని గుఱుతు. తరువాత దారమును లాగుట. ఇదియే అసలైన విద్య. గట్టిగా లాగిన గుడ్డ ముడుచుకొనును. వదులుగా విడిచిన, పండుకొనినవాని కాలివ్రేలు కుట్టులో చిక్కును. మా యెదుట ఒక ముసలి అవ్వ ఒక బాలికకు ఈ సంగతిని నేర్పినది. ఆమె కొలతలు చెప్పలేదు. “గుంజకు బిడ్డా, దాన్ని రానియ్యి” అన్నది. ఆ బాలిక యెట్లు గ్రహించినదో గాని, ఆ మాట తరువాతి వరుస చక్కబడినది. మేము నల్లబల్లమీద గీతలు గీసి చెప్పినప్పుడు చక్కబడలేదని కూడ ఒప్పుకొనవలెను.

మా సొంత అనుభవమొకటి. ఒక సాయంకాలము కోపముతో కూర్చుండి మూడు వరుసలు కుట్టితిమి. మరునాడు వెలుతురులో చూడగా ఆ మూడు వరుసల పొడుగునను గుడ్డ నుదుటిముడుతవలె చిట్లించుకొని యుండెను. విప్పితిమి. విప్పుటకు కుట్టుటకంటె ఎక్కువ కాలము పట్టినది. ఆనాటి కోపమునకు కారణమేమో ఇప్పుడు జ్ఞప్తికి రాదు. ఆ వరుసలు బొంతలో ఏ మూలనుండెనో మాత్రము చూపగలము.

ధ్యానమని పట్టణములవారు చెప్పునది ఇందేమూలనున్నదని విద్యార్థులు అడుగవచ్చును. మనస్సును శూన్యము చేయుట ధ్యానమని కొందఱు తలంచుదురు. బొంతకుట్టు అట్టిది కాదు. శూన్యమైన మనస్సుతో కుట్టిన వ్రేలు రక్తము కారును. ఇక్కడ మనస్సునకు ఒక చిన్నపని యిచ్చి, ఆ పనికి కట్టివేయుట జరుగుచున్నది. పని మఱీ కష్టమైన మనస్సు అలసిపోవును, మఱీ సులభమైన నిద్రపోవును. సాదాకుట్టు ఈ రెంటికి నడుమ నున్నది. పది కుట్లు పడునప్పటికి ఊపిరి తనంతట నెమ్మదించును, ఏలననగా దారమును సమముగా లాగుటకు భుజము వదులుగా నుండవలెను, భుజము వదలిన ఊపిరి వదలును. జపమాల త్రిప్పువాడు మధ్యలో మనస్సు తప్పిన సంగతి యెవరికిని తెలియదు. కుట్టువాడు తప్పిన సంగతి మరునాడు ఇంటిల్లిపాదికిని తెలియును. అందుచేతనే ఈ పనిలో తన్ను తాను మోసగించుకొనుట కొంచెము కష్టము. మఱియొక విశేషము: బొంత చుట్టును కూర్చున్నవారు మౌనముగా నుండరు. కోడళ్ళ సంగతులు, వానల సంగతులు, గల్ఫునుండి రావలసిన ఉత్తరువుల సంగతులు మాటలాడుచునే కుట్టుదురు. మాట సాగుచుండగనే చేతి నిదానము చెడదు. మౌనమే ధ్యానమను వారు ఒకసారి మాక్లూరు వాకిళ్ళకు వచ్చి చూడవలెను.

ఎడమచేతి వ్రేలి స్పర్శను గూర్చి చెప్పితిమి. అందువలన మనకు సమీపముననున్న డిచ్‌పల్లిని స్మరింపక తప్పదు. స్కాట్లండు దేశస్థురాలగు డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు 1907లో మన దేశమునకు వచ్చి, నిజామాబాదులో పనిచేయుచు, కుష్ఠరోగులకు దిక్కులేకుండుట చూచి, రాజా నర్సాగౌడు గారి విరాళపు సహాయముతో డిచ్‌పల్లిలో 1915లో విక్టోరియా ఆసుపత్రిని నెలకొల్పిరి. 1932లో ఆమె పరమపదించిరి. కుష్ఠు నరములను దెబ్బతీయును; వ్రేళ్ళకు స్పర్శ పోవును. సూది గుచ్చుకొనినను, కాలిన పెనము తగిలినను నొప్పి తెలియదు. తెలియని గాయము పుండగును. స్పర్శ పోయినవాడు వ్రేళ్ళు చేయవలసిన కావలిని కన్నులతో చేయవలసివచ్చును. సూది మొన చర్మమునకు తగిలినంతనే తెలియుటను మనము లెక్కపెట్టము. ఈ పాఠము చదువు పిల్లలలో ఎవరికైనను శరీరముపై స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ యుండినచో సిగ్గుపడక వెంటనే పెద్దలకు చెప్పవలెను. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సిఫారసు చేసిన బహు ఔషధ చికిత్సవలన ఈ వ్యాధి పూర్తిగా కుదురును. మందులు ఉచితముగా దొరకును.

ఇతర దేశములలో ఈ కుట్టు యే యవస్థలలో అక్కఱకు వచ్చెనో చూపు ఉదాహరణములు చాల కలవు. ఒకటి మాత్రము విపులముగా చెప్పుదుము. 1841లో ‘రాజా’ యను ఓడ శిక్షపడిన సుమారు 180 మంది స్త్రీలను ఇంగ్లండునుండి వాన్ డీమెన్స్ దీవికి, అనగా నేటి టాస్మేనియాకు, తీసికొనిపోయెను. చెఱసాలల సంస్కరణకు పాటుపడిన ఎలిజబెత్ ఫ్రై అమ్మగారి సంఘమువారు ఇట్టి ఓడలెక్కు స్త్రీలకు సూదులు, దారము, గుడ్డముక్కలు ఇచ్చెడివారు. ప్రయాణము మూడు మాసములు. ఆ మూడు మాసములలో ఆ స్త్రీలలో కొందఱు 2,815 ముక్కలను కూర్చి ఒక పెద్ద పైదుప్పటిని కుట్టిరి. అది నేడు కాన్‌బెరాలోని జాతీయ కళాప్రదర్శనశాలలో నున్నది. అందు కొన్నిచోట్ల కుట్టు అతి నిపుణముగాను, కొన్నిచోట్ల మోటుగాను ఉండుటచేత పలువురి చేతులు తెలియునట. ఇల్లు, పిల్లలు, దేశము విడిచి తిరిగి చూచు ఆశలేక పోవుచున్నవారికి ఓడ అడుగు అంతస్తున సూది యేమి సహాయము చేసెనో వారు వ్రాసియుంచలేదు. ముక్కల సంఖ్య మాత్రము మిగిలినది.

జపాను ఉత్తరభాగమున మంచు కప్పిన చలికాలములో రైతుస్త్రీలు నీలిగుడ్డపై తెల్లదారముతో కుట్టిన ‘సాషికో’ యను కుట్టును మన సాదాకుట్టే. వారికి మంచు ఇచ్చిన తీరికను మనకు ఎండ ఇచ్చుచున్నది.

మన జిల్లాలోనే, తండాలలో, వేఱొక విధమగు కుట్టు కలదు. లంబాడీ స్త్రీల ఫేటియా, కాంచళి, టుక్రీలపైనుండు అద్దాలను, గవ్వలను చూచి మనము మురియుదుము. అద్దము కంటిని ముందు పట్టును గాని, పనితనము దాని చుట్టునున్న కుట్టులో కలదు. గుడ్డ నేతలోని పోగులను లెక్కించుచు, చదరములు, మూలగీతలు, కోణములు కాగితముపై గీయకయే కుట్టుదురు. లెక్క ఒక్క పోగు తప్పిన చదరము చదరము కాదు. గణితమనిన భయపడు మన పిల్లలు ఒక లంబాడీ అవ్వ ప్రక్కన అరగంట కూర్చుండి ఆ లెక్కను కనిపెట్టవలెనని మా కోరిక. బొంతకుట్టులో మనస్సు ప్రవాహమువలె సాగును. లంబాడీకుట్టులో మెట్టుమెట్టుగా నడచును. మొదటిది మాకు చేతనగును. రెండవది ప్రయత్నించి, ఒక అఱచేయి వెడల్పు చదరమునకు రెండు ఆదివారములు వెచ్చించి, తప్పు లెక్కతో ముగించితిమి.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణమును ఎదుర్కొనవలెను. చేతిపని మనశ్శాంతి నిచ్చునని చెప్పుట కడుపు నిండినవారికి సులభము. పశ్చిమ గోదావరిలోని నర్సాపురమున మిషనరీలు పందొమ్మిదవ శతాబ్దమున లేసు అల్లిక నేర్పిరి. అది సూదిపని కాదు, కొక్కెపుసూదితో చేయు అల్లిక. ఐనను చేయి, దారము, ఓపిక అవే. ఆ లేసు దేశాంతరములకు పోయి పేరుపొందెను. మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు ఆ స్త్రీలను గూర్చి పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. దినమునకు ఆఱెనిమిది గంటలు అల్లినను వారికి దక్కినది అత్యల్పమైన కూలి యనియు, ఇంటిలో కూర్చుండి తీరికవేళల చేయు పని యని పేరుపెట్టుటయే ఆ అల్పకూలికి సాకైనదనియు, లాభము వర్తకులకు చేరెననియు ఆమె చూపెను. మిషనువారి పత్రికలో ఈ సంగతి వ్రాయుట కొందఱికి రుచింపకపోవచ్చును. నేర్పినవారి ఉద్దేశము మంచిదే యని మేము నమ్ముదుము. అంతమాత్రమున కూలి లెక్క మాఱదు.

దూరమేల? మన యిండ్లలోని బీడీల చాటను చూడుడు. తునికాకు కత్తిరించుట, పొగాకు చల్లుట, చుట్టుట, దారము కట్టుట – ఇదియు చేతిపనియే, ఇదియు ఒకే కదలికను వేయిమార్లు చేయుటయే. ఏ తల్లియైనను దీనిని ధ్యానమని చెప్పునా? వెయ్యికి ఇంతయని కూలి. ఎంపికలో తీసివేసిన వానికి కూలి లేదు. చేయి ఒక్క నిముసము ఆగిన లెక్క తగ్గును. నడుము నొచ్చినను ఆగరాదు. కాబట్టి ఒకే కదలికను మరల మరల చేయుట మాత్రమే మనస్సును నిలుపదు. ఎప్పుడు ఆపవలెనో చేయువారి వశమున నుండవలెను. చేసినది తమ యింటనో, తాము ప్రేమించువారి యింటనో నిలువవలెను. తప్పిన వరుసను విప్పుటకు వ్యవధి యుండవలెను. ఇవి లేనిచోట కుట్టును కూలియే. కూలికి కుట్టువారికి కావలసినది న్యాయమైన ధర గాని, ధ్యానమును గూర్చిన ఉపన్యాసము గాదు. ఊరూర తిరిగి బొంతలు కుట్టు స్త్రీలతో బేరమాడునప్పుడు ఈ మాట తలిదండ్రులు జ్ఞాపకముంచుకొనవలెనని వేడుచున్నాము. వారి నాలుగు దినముల పనికి మనము ఒక మిల్లు చద్దరు వెలను ప్రమాణముగా పెట్టి బేరమాడుదుము. ఇది సరికాదు.

పాఠశాలలో కుట్టు నేర్పు పద్ధతిలోను మేము చాలకాలము పొరబడితిమి. గంటలో ఎన్ని వరుసలు కుట్టిరని లెక్కించి మార్కులు వేసితిమి. బాలికలు వేగముగా కుట్టనేర్చిరి. బడి విడిచిన తరువాత సూది ముట్టుట మానిరి. మఱియొక పొరపాటు, బాలురను ఆ గంటలో ఆటస్థలమునకు పంపుట. వరి కొనుగోలు కేంద్రములలో గోనెసంచి మూతిని దబ్బనముతోను సుతిలితోను నాలుగు లాగులలో కుట్టివేయు హమాలీని మన బాలురందఱు చూచినవారే. అది మగవాని పనియే గదా. మన గ్రామములనుండి దుబాయికి, మస్కటుకు పోయినవారు తమ అంగీ బొత్తామును తామే కుట్టుకొనుచున్నారు. మొదటి బొత్తాము ఎవరును చూడకుండ ఎట్లు కుట్టిరో, ఎన్నిమార్లు ఊడెనో సెలవులకు వచ్చినప్పుడు నవ్వుచు చెప్పుదురు. కుట్టుయంత్రమును మేము నిందింపము. బడి దుస్తులు యంత్రముమీదనే కుట్టవలెను; అంగీ చేతితో కుట్టుమని యెవరిని నిర్బంధించినను అది వెట్టి యగును. యంత్రము చేయలేనిది కాదు, చేయనక్కఱలేనిది బొంత.

కావున ఈ వేసవి సెలవులకు విద్యార్థులకు, బాలబాలికలకు సమానముగా, ఒక అభ్యాసము నిచ్చుచున్నాము. చేతిరుమాలంత రెండు పాత నూలుతునకలను ఉదికి ఒకదానిపై నొకటి పెట్టి కచ్చాకుట్లు వేయుడు. దినమునకు ఒకే వరుస, అంచు ప్రక్కన మొదలిడి లోపలికి, సాదాకుట్టు కుట్టుడు. రెండవ వరుస కుట్టవలెనని ఉత్సాహము కలిగినను ఆపుడు. గీత గీయరాదు, మొదటి వరుసయే రెండవదానికి గీత. ప్రక్కన ఒక కాగితముపై తేది మాత్రము వ్రాయుడు. ముప్పది దినములకు ముప్పది వరుసలు వచ్చును. ఏ దినపు వరుస వంకరపోయినదో చూచి, ఆ దినమేమి జరిగెనో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. వంకరవరుసలను విప్పవద్దు. ఈ గుడ్డకు మార్కులు లేవు. బడి తెఱచిన దినమున తెచ్చి చూపిన చాలును. ఇంటిలో అవ్వయో పెద్దమ్మయో బొంత కుట్టుచున్నచో అభ్యాసమును విడిచి ఆమె ప్రక్కన ఒక అంచున కూర్చుండుడు. అది యింకను మంచిది. ఆమె మీ కుట్లను రాత్రి మెల్లగా విప్పి మరల కుట్టినను చిన్నబుచ్చుకొనరాదు.

కుట్టిన బొంతను నెలకొకసారి ఎండలో వేయవలెను. పిండునప్పుడు మెలిపెట్టరాదు, కుట్లు తెగును. ఇద్దఱు రెండువైపుల పట్టి నీరు కార్చి, గడ్డివాముపైనో గోడపైనో పఱచవలెను. తీగెమీద వ్రేలాడవేసిన తడి బరువునకు నడుమ సాగును. ఐదాఱేండ్లకు పైపొర అరిగిపోవును. అప్పుడు దానిని పారవేయరు. అరిగిన బొంత నట్లే నేలపై పఱచి, అడుగున ఒక చీర, పైన ఒక చీర పెట్టి, మరల అంచునుండి మొదలిడుదురు. కొన్ని యిండ్లలోని బరువైన బొంతను ఒకమూల విప్పిచూచిన, లోపల వేఱొక బొంత, ఆ లోపల, రంగు తెలియరాని మఱియొక బొంత కనబడును. లోపలిదానిని కుట్టినవారెవరో ఇంటిలో అతి పెద్దవారిని అడిగిన చెప్పుదురు.